వెళ్లాలా అని అడిగారు, ఎక్కడికో అడగలేదు

నమస్కారం. 2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్లు పోలింగ్ కేంద్రంలో అందుకున్న బ్యాలెట్ పత్రం మీద ఒకే ఒక్క ప్రశ్న ఉంది. యునైటెడ్ కింగ్‌డమ్ ఐరోపా సమాఖ్యలో సభ్యదేశంగా కొనసాగాలా, లేక ఐరోపా సమాఖ్యను వీడాలా అన్నదే ఆ ప్రశ్న. దాని కింద రెండు గడులు. ఆ దేశంలో ఓటు గుర్తు పెన్సిల్‌తో పెట్టడం ఆనవాయితీ. పెన్సిల్ గీతను ఎవరో చెరిపేస్తారన్న అనుమానంతో, సొంత పెన్నులు తీసుకువెళ్లండని వీడాలనే వర్గంలో కొందరు ఒకరికొకరు చెప్పుకున్నారంటే, ఆనాడు నమ్మకం ఏ స్థాయికి దిగజారిందో ఊహించుకోవచ్చు. తెల్లవారేసరికి లెక్క తేలింది. వీడాలన్నవారు 1 కోటి 74 లక్షల 10 వేల మంది, కొనసాగాలన్నవారు 1 కోటి 61 లక్షల 41 వేల మంది. శాతాల్లో చెప్పాలంటే 51.9, 48.1. పోలింగ్ 72.2 శాతం.

ఆ ఫలితం మీద అప్పటి నుంచీ రెండు కథలు వినిపిస్తూనే ఉన్నాయి. అబద్ధాలు చెప్పి జనాన్ని మోసం చేశారన్నది ఒక కథ. జనం ఇచ్చిన స్పష్టమైన తీర్పును పార్లమెంటు, కోర్టులు, అధికారులు కలిసి నీరుగార్చారన్నది రెండో కథ. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ ఈ రెండు కథలూ అసలు లోపాన్ని దాటవేస్తాయని నా అభిప్రాయం. సమాఖ్యలో ఉండాలా వద్దా అన్న సగం ప్రశ్న మీదే ఆ ప్రచారమంతా సాగింది. వీడితే ఆ తర్వాత సమాఖ్యతో ఎలాంటి సంబంధం పెట్టుకోవాలన్న మిగతా సగం బ్యాలెట్ మీదకు రాలేదు. అది రాకపోవడం రెండు వర్గాలకూ అక్కరకొచ్చింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ముందుగా నేపథ్యం, క్లుప్తంగా. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ 1963లో ఒకసారి, 1967లో మరోసారి అడ్డుపడిన తర్వాత, 1973 జనవరి 1న ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వ హయాంలో బ్రిటన్ నాటి ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. రెండేళ్లకే, 1975 జూన్‌లో, లేబర్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ అందులో కొనసాగాలా అని జనాన్ని అడిగితే 67 శాతం మంది కొనసాగాలన్నారు. తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఆ ఆర్థిక సమాజం రాజకీయ సమాఖ్యగా మారింది, కన్సర్వేటివ్ పార్టీలో ఐరోపా గొడవ ముదిరింది, సమాఖ్యను వీడాలనే నైజెల్ ఫరాజ్ పార్టీకి ఓట్లు పెరిగాయి. ఆ ఒత్తిడికి తలొగ్గి కన్సర్వేటివ్ ప్రధాని డేవిడ్ కామెరాన్ 2013 జనవరిలో ప్రజాభిప్రాయ సేకరణకు మాట ఇచ్చారు, 2015 ఎన్నికల్లో ఎవరూ ఊహించని విధంగా సొంత మెజారిటీతో గెలిచారు, దాంతో మాట నిలబెట్టుకోక తప్పలేదు.

ఇక్కడే మనవాళ్లకు చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు ఎవరికి ఓటు ఉంది, ఎవరికి లేదు అన్నది. పార్లమెంటు ఎన్నికల ఓటర్ల జాబితానే ఈ రెఫరెండానికీ వాడారు. ఆ జాబితా నిబంధనల ప్రకారం బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటు ఉంటుంది. అంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వీసా మీద వెళ్లి లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న, చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్న తెలుగువాడు పేరు నమోదు చేసుకుని బ్రిటన్ భవిష్యత్తు మీద ఓటు వేయవచ్చు. అతని పక్కింట్లో ఇరవై ఏళ్లుగా పన్నులు కడుతూ, పిల్లల్ని అక్కడే బడికి పంపుతున్న ఫ్రెంచి పౌరురాలికి ఆ హక్కు లేదు. ఐరోపా సమాఖ్య దేశాల వారిలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు మాత్రమే ఓటు దక్కింది. పదిహేనేళ్లకు మించి విదేశాల్లో ఉన్న బ్రిటిష్ పౌరులకూ అప్పట్లో ఓటు లేకపోయింది. 2014లో స్కాట్లండ్ స్వాతంత్ర్యం మీద ఓటు వేసిన 16, 17 ఏళ్ల వారికి ఈసారి అవకాశం ఇవ్వలేదు. ఫలితం వల్ల నివాస హక్కే ప్రశ్నార్థకమయ్యే సుమారు 30 లక్షల మందికి ఆ ఫలితంలో పాత్ర లేకపోవడం చట్టపరంగా సరైనదే కావచ్చు, కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన చేదుకు అదొక మూలకారణం.

చట్టంలో మరో ఖాళీ కూడా ఉంది. 1979లో స్కాట్లండ్‌కు సొంత చట్టసభ కావాలా అని అడిగినప్పుడు, వేసిన ఓట్లలో మెజారిటీ ఉంటే సరిపోదని, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవునని చెప్పి తీరాలని షరతు పెట్టారు. అప్పుడు 51.6 శాతం అవునన్నా, ఆ షరతు తీరక ప్రతిపాదన వీగిపోయింది. 2016లో అలాంటి పరిమితి ఏదీ పెట్టలేదు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ నాలుగూ ఒప్పుకుంటేనే వీడాలని స్కాట్లండ్ ప్రథమ మంత్రి నికోలా స్టర్జన్ అడిగినా కామెరాన్ అంగీకరించలేదు. చట్టం దృష్టిలో అది సలహా కోరే ఓటు మాత్రమే, కానీ ఇంటింటికీ పంపిన ప్రభుత్వ కరపత్రంలో మాత్రం మీరు ఏది నిర్ణయిస్తే అదే అమలు చేస్తామని రాశారు. 2 కోట్ల 70 లక్షల ఇళ్లకు, 93 లక్షల పౌండ్ల ఖర్చుతో వెళ్లిన కరపత్రం అది. సలహా అని చట్టంలో, తీర్పు అని కరపత్రంలో ఉంటే, తర్వాత ఎవరికి అనుకూలమైన కాగితాన్ని వారు చూపించుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇక ప్రచారానికి వద్దాం. అందులో అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకున్నది ఎర్ర బస్సు. బోరిస్ జాన్సన్ ఎక్కి దేశమంతా తిరిగిన ఆ బస్సు పక్కన, ఐరోపా సమాఖ్యకు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, ఆ సొమ్మును మన జాతీయ ఆరోగ్య సేవకు ఇద్దాం అన్న అర్థం వచ్చే రాత పెద్ద అక్షరాల్లో ఉండేది. ఈ 35 కోట్ల లెక్క ఎలా వచ్చిందో కాస్త దగ్గరగా చూద్దాం. సభ్యదేశంగా బ్రిటన్ చెల్లించాల్సిన స్థూల చందా అది. అయితే 1984లో ప్రధాని మార్గరెట్ థాచర్ పట్టుబట్టి సాధించిన రిబేటు, అంటే చందాలో తగ్గింపు, ఉండేది. ఆ రిబేటు సొమ్ము లండన్ నుంచి సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్ వెళ్లి తిరిగి రావడమంటూ ఉండేది కాదు, ముందే మినహాయించుకునేవారు. అది తీసేస్తే అసలు పంపేది వారానికి సుమారు 25 కోట్లు. రైతులకు, వెనుకబడిన ప్రాంతాలకు సమాఖ్య నుంచి తిరిగి వచ్చేదాన్నీ తీసేస్తే 20 కోట్ల లోపే. ఈ అంకె జనాన్ని తప్పుదోవ పట్టిస్తుందని బ్రిటన్ గణాంకాల ప్రాధికార సంస్థ ప్రచార సమయంలోనే బహిరంగంగా చెప్పింది. అయినా బస్సు మీది రాత మారలేదు. మార్చకపోవడం వెనుక లెక్క ఉంది. కొనసాగాలన్న వర్గం టీవీ చర్చకు వచ్చిన ప్రతిసారీ అది 35 కోట్లు కాదు, 25 కోట్లేనని వాదించేది. వినేవాడికి ఆ వాదన వల్ల ఒరిగేది ఏముంది? ఎంతో తెలియకపోయినా, కోట్లు పోతున్నాయన్నది మాత్రం బుర్రలో నాటుకుపోతుంది. ప్రత్యర్థి చేతే తమ ప్రకటనకు ఉచిత ప్రచారం చేయించుకోవడం అంటే ఇదే.

అబద్ధాల వంతు ఒక వర్గానిదేనని చెప్పడం మాత్రం న్యాయం కాదు. ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ విడుదల చేసిన ఖజానా శాఖ నివేదిక, సమాఖ్యను వీడితే 2030 నాటికి ఒక్కో కుటుంబం 4,300 పౌండ్ల మేర నష్టపోతుందని చెప్పింది. కొనసాగితే ఆర్థిక వ్యవస్థ ఎంత పెరుగుతుందో, వీడితే అంతకన్నా ఎంత తక్కువ పెరుగుతుందో అంచనా కట్టి, ఆ తేడాను కుటుంబాల సంఖ్యతో భాగించగా వచ్చిన అంకె అది. ఇంటి ఆదాయంలోంచి ఎవరో 4,300 పౌండ్లు లాక్కుపోతారన్నట్టుగా దాన్ని ప్రచారం చేశారు. పోలింగ్‌కు వారం ముందు, వీడాలని ఓటేస్తే పన్నులు పెంచి, ఖర్చులు తగ్గించి 3,000 కోట్ల పౌండ్లు పూడ్చే అత్యవసర బడ్జెట్ పెట్టాల్సి వస్తుందని ఆస్బోర్న్ హెచ్చరించారు. ఆ బడ్జెట్ ఎన్నడూ రాలేదు. ఓటు పడిన వెంటనే మాంద్యం వస్తుందన్న స్వల్పకాలిక అంచనా కూడా తప్పింది. పౌండు విలువ మాత్రం డాలరుతో పోలిస్తే మూడు దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయింది. దీర్ఘకాలిక నష్టం గురించి నిపుణులు చెప్పిన మాట చాలావరకు నిజమైంది, రేపే ఇల్లు కూలుతుందన్న మాట అబద్ధమైంది. జనానికి గుర్తుండిపోయింది రెండోదే. ఈ దేశ ప్రజలు నిపుణుల మాటలతో విసిగిపోయారని వీడాలనే వర్గం నాయకుడు మైకేల్ గోవ్ టీవీలో అన్నప్పుడు దాన్ని అజ్ఞానానికి గొడుగు పట్టడమని చాలామంది వెక్కిరించారు. కానీ 2008 ఆర్థిక సంక్షోభాన్ని ముందుగా పసిగట్టలేకపోయిన సంస్థలే మళ్లీ వచ్చి భయపెడుతుంటే వినేవాడికి కలిగే విసుగు అది. దాన్ని పట్టించుకోకపోవడం కొనసాగాలన్న వర్గం చేసిన పెద్ద పొరపాటు.

వలసల విషయంలోనూ కామెరాన్ చేతులు ముందే కట్టుబడి ఉన్నాయి. నికర వలసలను, అంటే వచ్చినవారిలోంచి వెళ్లినవారిని తీసేస్తే మిగిలే సంఖ్యను, ఏడాదికి లక్ష లోపుకు తెస్తానని 2010లోనే ఆయన మాటిచ్చారు. సమాఖ్యలో సభ్యత్వం ఉన్నంతకాలం, పోలండ్ నుంచో రుమేనియా నుంచో పని వెతుక్కుంటూ వచ్చేవారిని ఆపే అధికారం ఆయనకు లేదు. పోలింగ్‌కు నాలుగు వారాల ముందు వెలువడిన అధికారిక లెక్క 2015లో నికర వలసలు 3 లక్షల 33 వేలని తేల్చింది. ఆ తర్వాత ప్రచారమంతా వలసల చుట్టూనే తిరిగింది. టర్కీ సమాఖ్యలో చేరబోతోందని, 7 కోట్ల 60 లక్షల మందికి తలుపులు తెరుచుకుంటాయని ఒక వర్గం పోస్టర్లు వేసింది. టర్కీ చేరిక కనుచూపు మేరలో లేదు. పైగా చేర్చుకోకుండా అడ్డుకునే హక్కు సభ్యదేశంగా బ్రిటన్‌కు ఉండేది. జూన్ 16న శరణార్థుల బారులు చూపే పోస్టర్‌ను ఫరాజ్ ఆవిష్కరించారు. అదే రోజు మధ్యాహ్నం యార్క్‌షైర్‌లోని బర్‌స్టల్‌లో, తన నియోజకవర్గ ప్రజలను కలుసుకోవడానికి వచ్చిన లేబర్ ఎంపీ జో కాక్స్‌ను ఒక తీవ్ర రైట్‌వింగ్ వాది హత్య చేశాడు. ప్రచారం కొద్ది రోజులు ఆగి, మళ్లీ మొదలైంది.

వలసల మాట వచ్చింది కాబట్టి, మన ఉపఖండానికి సంబంధించిన ఒక ముచ్చట. బ్రిటన్‌లో ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు కనిపించే చోట్ల చాలావరకు యజమానులు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వారు. వీసా నిబంధనలు బిగించడంతో వాళ్లకు వంటవాళ్లు దొరకడం కష్టమైంది. సమాఖ్య నుంచి బయటపడితే ఐరోపా వారికి ఇస్తున్న ప్రాధాన్యం పోయి, దక్షిణాసియా వంటవాళ్లకు దారి సుగమం అవుతుందని మంత్రి ప్రీతి పటేల్ ఆ హోటళ్ల వారి మధ్య ప్రచారం చేశారు. వారి సంఘంలోని ప్రముఖులు కొందరు నమ్మి మద్దతు పలికారు. ఒక సభలో వలసలు తగ్గిస్తామని, మరో సభలో మీ వాళ్లకు వీసాలిస్తామని చెప్పగలగడం ఎలా సాధ్యమైంది? వీడిన తర్వాత వలస విధానం ఏమిటో ఎక్కడా రాసి లేదు కాబట్టి సాధ్యమైంది.

నేను మొదట్లో చెప్పిన మిగతా సగం ఇదే. సమాఖ్య బయట ఉన్న దేశాలన్నిటికీ దానితో ఒకే రకం సంబంధం లేదు. నార్వే సింగిల్ మార్కెట్‌లో, అంటే సరుకులు, సేవలు, పెట్టుబడి, మనుషులు ఒకే నియమాల కింద తిరిగే ఉమ్మడి మార్కెట్‌లో ఉంటుంది, చందా కడుతుంది, సమాఖ్య పౌరుల స్వేచ్ఛా రాకపోకలను ఒప్పుకుంటుంది, కానీ ఆ మార్కెట్ నియమాలు చేసే చోట దానికి ఓటు లేదు. టర్కీ పారిశ్రామిక వస్తువుల వరకు కస్టమ్స్ యూనియన్‌లో, అంటే లోపల సుంకాలు లేకుండా బయటి సరుకు మీద ఒకే సుంకం వేసే కూటమిలో ఉంది. స్విట్జర్లండ్ ఒక్కో రంగానికి ఒక్కో ఒప్పందం చేసుకుంది. కెనడాది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. ఏదీ లేకపోతే ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలే దిక్కు. ప్రచారంలో జాన్సన్ ఒకసారి కెనడాను ఉదాహరణగా చూపారు, గోవ్ ఐస్‌లండ్ నుంచి టర్కీ దాకా విస్తరించిన స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం గురించి మాట్లాడారు, ఇంకొందరు నార్వేను మెచ్చుకున్నారు. న్యాయంగా చెప్పాలంటే, సింగిల్ మార్కెట్ నుంచి కూడా బయటికి రావాలని గోవ్ మే నెలలో స్పష్టంగానే అన్నారు, వీడితే జరిగేది అదేనని కామెరాన్ కూడా హెచ్చరించారు. కాబట్టి ఎవరూ చెప్పనే లేదనడం సరికాదు. చెప్పినవారికి దాన్ని అమలుచేసే బాధ్యత లేకపోవడమే చిక్కు. వీడాలనే వర్గం అధికారిక ప్రచార సంస్థ ఒక ప్రభుత్వం కాదు, ఓటు మర్నాడు దాని పని అయిపోయింది. ఒకే దారిని ఎంచుకుని ప్రకటిస్తే తమ ఓట్లు చీలతాయని ఆ సంస్థ నడిపినవారికి బాగా తెలుసు, అందుకే కావాలనే వివరాల్లోకి దిగలేదు. కామెరాన్ తన వైపు నుంచి, వీడితే ఏం చేయాలో ముందస్తు ప్రణాళిక వేయవద్దని అధికారులను ఆదేశించారు. ప్రణాళిక ఉందని తెలిస్తే వీడటం సాధ్యమేనన్న ధైర్యం జనానికి కలుగుతుందని ఆయన భయం. పార్లమెంటు విదేశాంగ వ్యవహారాల కమిటీ తర్వాత దీన్ని ఘోరమైన నిర్లక్ష్యంగా తప్పుపట్టింది. పెళ్లి సంబంధం కుదరకముందే ముహూర్తం పెట్టుకుని శుభలేఖలు పంచిన ఇల్లులా తయారైంది పరిస్థితి.

వేరే విధంగా అడగవచ్చా? అడగవచ్చు, అడిగిన దేశం ఉంది. న్యూజిలాండ్ తన ఎన్నికల పద్ధతిని మార్చుకోవాలా అన్న ప్రశ్నను రెండు దశల్లో తేల్చుకుంది. 1992లో మార్పు కావాలా అని, మారితే నాలుగు పద్ధతుల్లో ఏది నచ్చుతుందని అడిగింది. 1993లో, అలా నెగ్గిన ఒక నిర్దిష్ట పద్ధతిని పాత పద్ధతికి ఎదురుగా నిలబెట్టి మళ్లీ ఓటు పెట్టింది. మొదటి దశలో మార్పు కావాలన్నవారు దాదాపు 85 శాతం. రెండో దశలో, నిబంధనలన్నీ కళ్లెదుట పెట్టాక, కొత్త పద్ధతికి వచ్చింది 54 శాతం. మార్పు అనే ఊహకూ, చేతిలో ఉన్న ఒక నిర్దిష్ట మార్పుకూ మధ్య ఉన్న తేడా ఆ రెండు అంకెల మధ్య ఉంది. బ్రిటన్‌లో ఆధిక్యం నాలుగు శాతం కూడా లేదు.

వివరాల్లోకి దిగకపోవడానికి మూల్యం చెల్లించిన చోటు ఉత్తర ఐర్లండ్. అది బ్రిటన్‌లో భాగం, దానికి భూసరిహద్దు ఉన్నది సమాఖ్య సభ్యదేశమైన ఐర్లండ్‌తో. పోలింగ్‌కు రెండు వారాల ముందు, జూన్ 9న, మాజీ ప్రధానులు జాన్ మేజర్, టోనీ బ్లెయిర్ ఇద్దరూ డెర్రీ నగరానికి వెళ్లి, సమాఖ్యను వీడితే ఐర్లండ్ సరిహద్దు మళ్లీ సమస్యగా మారుతుందని హెచ్చరించారు. ఒకరు శాంతి ప్రక్రియను మొదలుపెట్టినవారు, ఒకరు అక్కడి హింసకు ముగింపు పలికిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిర్చినవారు, వేర్వేరు పార్టీల వారు. ఇంగ్లండ్‌లో ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. సుమారు 500 కిలోమీటర్ల పొడవు, రెండు వందలకు పైగా రోడ్డు దారులు ఉన్న ఆ సరిహద్దులో ఒకప్పుడు సైనిక చౌకీలు ఉండేవి. ఇప్పుడు కారులో వెళ్తుంటే వేగ పరిమితి బోర్డులు మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారడం చూసి దేశం మారిందని తెలుసుకోవాలి. లండన్ మూడు మాటలు ఇచ్చింది. కస్టమ్స్ యూనియన్, సింగిల్ మార్కెట్ రెండింటి నుంచీ బయటికి వస్తాం, ఐర్లండ్ దీవిలో తనిఖీలు పెట్టం, ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రంలోనూ తనిఖీలు పెట్టం అని. రెండు వేర్వేరు వాణిజ్య వ్యవస్థలు ఉన్నప్పుడు సరుకును ఎక్కడో ఒకచోట తనిఖీ చేయాల్సిందే. ఈ మూడింటిలో ఏ రెండైనా నిలబెట్టుకోవచ్చు, మూడూ కలిపి సాధ్యం కావు. ఈ చిన్న తర్కాన్ని జనం ముందుంచకుండానే ఓటింగ్ ముగిసిపోయింది.

దాని ఫలితం 2019లో పార్లమెంటు దిగువ సభ హౌస్ ఆఫ్ కామన్స్‌లో కనిపించింది. కామెరాన్ రాజీనామా తర్వాత వచ్చిన థెరిసా మే, సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండూ వద్దని 2017 జనవరిలో ప్రకటించి, మధ్యంతర ఎన్నికలకు వెళ్లి ఉన్న మెజారిటీ పోగొట్టుకుని, బ్రస్సెల్స్‌తో ఒక ఒప్పందం తెచ్చారు. 2019 జనవరి 15న ఆ ఒప్పందానికి అనుకూలంగా 202, వ్యతిరేకంగా 432 ఓట్లు పడ్డాయి. ఆధునిక బ్రిటన్ చరిత్రలో ఏ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడలేదు. మార్చిలో మరో రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ ఓడారు. ఇది వద్దు, అది వద్దు అంటున్నారు, మరి ఏం కావాలో చెప్పండని మార్చి 27న సభ తనను తానే అడిగింది. మామూలుగా ఎంపీలు రెండు నడవల్లో ఎటో ఒకటి నడిచి ఓటు వేస్తారు. ఆ సాయంత్రం మాత్రం వారి చేతికి కాగితాలిచ్చి, ఎనిమిది ప్రతిపాదనల ఎదుట ఒక్కొక్కదానికి అవునో కాదో రాయమన్నారు. ఎనిమిదీ వీగిపోయాయి. ఏప్రిల్ 1న నాలుగింటిని మళ్లీ పరీక్షించారు. ఆ చర్చ సాగుతుండగానే సందర్శకుల గ్యాలరీలో పర్యావరణ ఉద్యమకారులు ఒంటిమీద బట్టలు తీసేసి అద్దానికి అతుక్కుని నిలబడ్డారు, ఎంపీలు నవ్వు ఆపుకుంటూ ప్రసంగాలు కొనసాగించారు. కెన్నెత్ క్లార్క్ ప్రతిపాదించిన కస్టమ్స్ యూనియన్‌కు అనుకూలంగా 273, వ్యతిరేకంగా 276. మూడంటే మూడు ఓట్లు. నార్వే తరహా ప్రతిపాదన తెచ్చిన నిక్ బోల్స్ అదీ ఓడిపోవడంతో, రాజీకి తన పార్టీయే సిద్ధంగా లేదని చెప్పి, అక్కడికక్కడే కన్సర్వేటివ్ పార్టీకి రాజీనామా చేసి సభలోంచి నడిచి వెళ్లిపోయారు.

ఆ మూడు ఓట్ల తేడా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని వీడాలనే వర్గం మొండితనంగానే చెప్పుకోవడం అలవాటైంది. రెండో రెఫరెండం తప్ప మరేదీ వద్దనుకున్న సమాఖ్య అనుకూల ఎంపీల్లోనూ కొందరు ఆ రోజు కస్టమ్స్ యూనియన్‌కు మద్దతు ఇవ్వలేదు. అన్నీ లేదా ఏమీ వద్దు అన్న పట్టుదల ఇరుపక్షాలా ఉంది. మధ్యేమార్గం కోరుకున్న ఓటర్లు ఎంతమందో 2016 బ్యాలెట్ చెప్పలేకపోయింది కాబట్టి, ఆ మార్గానికి ప్రజల తీర్పు అండగా ఉందని ఎవరూ చెప్పుకోలేకపోయారు. చివరికి జాన్సన్ వచ్చి, సముద్రంలో తనిఖీలు ఉండవన్న మూడో మాటను వదిలేసి ఒప్పందం కుదుర్చుకుని, డిసెంబరు ఎన్నికల్లో 80 స్థానాల ఆధిక్యంతో గెలిచి, 2020 జనవరి 31న దేశాన్ని సమాఖ్య నుంచి బయటికి తెచ్చారు. ఉత్తర ఐర్లండ్ అంశాన్ని 2023లో విండ్సర్ ఒప్పందంతో మళ్లీ సరిదిద్దాల్సి వచ్చింది.

మరి ఎవరికి ఏం దక్కింది? పోలింగ్‌కు వారం ముందు థేమ్స్ నదిలో చేపల పడవల ఊరేగింపు జరిగింది. పార్లమెంటు ముందు ఫరాజ్ ఒక పడవలో, సంగీతకారుడు బాబ్ గెల్డాఫ్ లౌడ్‌స్పీకర్లతో ఎదురు పడవలో, ఒకరినొకరు తిట్టుకుంటూ సాగిన ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా వినోదంగా చూసింది. ఆ జాలర్లకు మా సముద్రం మాకు అన్న మాట ఇచ్చారు. 2020 డిసెంబరు 24న కుదిరిన వాణిజ్య ఒప్పందం, బ్రిటన్ జలాల్లో సమాఖ్య పడవలు పట్టే చేపల విలువలో నాలుగో వంతును మాత్రమే, అదీ అయిదున్నరేళ్లలో దశలవారీగా, బ్రిటన్‌కు మళ్లించింది. ఆ గడువు ముగియకముందే, 2025 మేలో, సమాఖ్య పడవలకు 2038 వరకు అనుమతి పొడిగించారు. వలసల సంగతి ఇంకా విచిత్రం. 2021 జనవరి నుంచి ఐరోపా వారికీ మనకూ ఒకే పాయింట్ల పద్ధతి వచ్చింది, అదే ఏడాది చదువు అయ్యాక రెండేళ్లు ఉండి ఉద్యోగం చూసుకునే వీసా తెరిచారు, ఆరోగ్య రంగానికి ప్రత్యేక వీసా 2020లోనే వచ్చింది. హైదరాబాద్‌లో, గుంటూరులో, వరంగల్‌లో కన్సల్టెన్సీల బోర్డుల మీద యూకే పేరు పెద్దక్షరాలకు ఎక్కింది ఆ తర్వాతే. ఐరోపా నుంచి రాక తగ్గింది, భారత్, నైజీరియా వంటి దేశాల నుంచి పెరిగింది, 2023 నాటికి నికర వలసలు ఏడాదికి 9 లక్షలు దాటాయి. వలసలు తగ్గుతాయని ఓటేసిన లింకన్‌షైర్ రైతుకూలీ దీన్ని చూసి ఏమనుకున్నాడో ఊహించడం కష్టం కాదు. దాంతో 2024 జనవరి నుంచి చాలామంది విద్యార్థులకు కుటుంబాన్ని తెచ్చుకునే అవకాశం తీసేశారు, ఆ దెబ్బ మన పిల్లలకూ తగిలింది. అధికారం తిరిగి మన చేతికి రావాలన్నది వీడాలనే వర్గం నినాదం. వలసల మీద అధికారం లండన్‌కు నిజంగానే వచ్చింది. ఆ అధికారంతో వలసలు పెంచింది కూడా అదే లండన్. ఆర్థికంగా చూస్తే, దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం మేర తగ్గుతుందన్న అంచనాను ప్రభుత్వ బడ్జెట్ పరిశీలన సంస్థ ఏళ్లుగా కొనసాగిస్తోంది.

ఇప్పుడు గాలి తిరిగింది. వీడటం తప్పని చెప్పేవారు సర్వేల్లో సగానికి పైగా ఉంటున్నారు, మళ్లీ చేరదామన్న మాట వీధుల్లో వినిపిస్తోంది. అక్కడా అదే సగం ప్రశ్న. థాచర్ తెచ్చిన రిబేటు ఇక లేదు. కొత్తగా చేరే దేశం యూరోను స్వీకరించడానికి సూత్రప్రాయంగానైనా కట్టుబడాలి. 27 సభ్యదేశాల్లో ఒక్కటి కాదన్నా దారి మూసుకుపోతుంది. ఈ షరతులు చెప్పి అడిగితే సర్వేల్లో మద్దతు తగ్గిపోతోంది. 2024లో అధికారంలోకి వచ్చిన కియర్ స్టార్మర్ లేబర్ పార్టీ సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్, స్వేచ్ఛా రాకపోకలు మూడూ వద్దని మేనిఫెస్టోలో రాసుకుంది. రాసుకున్న ఏడాదికే, ఆహార పదార్థాల ఎగుమతి సులువు కావడానికి, ఆ రంగంలో సమాఖ్య నియమాలు మారినప్పుడల్లా తానూ మార్చుకుంటానని బ్రస్సెల్స్‌కు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ నియమాలు చేసే బల్ల దగ్గర బ్రిటన్‌కు ఓటు లేదు. నార్వే పద్ధతిని ఇన్నేళ్లూ వద్దనడానికి చెప్పిన మొదటి కారణం ఇదే. ఫరాజ్ దీన్ని లొంగుబాటు అంటున్నారు, సమాఖ్య అనుకూలురు ఇది చాలదంటున్నారు, మాంసం, పాల ఉత్పత్తులు ఎగుమతి చేసేవారు మాత్రం కాగితాల పని ఎప్పుడు తగ్గుతుందని అడుగుతున్నారు.